తాతగారి పీట మీద బ్యూరెట్

మా ఇంట్లో వంగడం ఎవరికీ నేర్పలేదు. కనిగిరి పక్క ఊళ్ళలో సగం భూమి మాదైన రోజుల్లో ఆ అవసరం రాలేదు. భూమి పోయాక అలవాటు మారలేదు. నా వాటాకు వచ్చినవి ఆ నిటారు వెన్ను, తాతగారు పడక్కుర్చీలో కూర్చుని కాళ్ళు పెట్టుకునే అడుగెత్తు టేకు పీట.

గుంటూరులో మందుల్ని పరీక్షించే చిన్న ల్యాబులో చేరేముందు రెండేళ్ళు మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డాను. కెమిస్ట్రీ చదివి ఘాటుకు తుమ్ముతూ బతకడం నాకు నచ్చలేదు. ల్యాబు మేడం మూడు నెలలు చూస్తానని, చివర్లో ఒక పరీక్ష పెడతానని చెప్పింది. ఆ పరీక్ష ఆస్పిరిన్. తలనొప్పికి వేసుకునేదే. ఆమె ఇచ్చిన పొడిలో అసలు మందు నూటికి ఎంతో ఆమెకు తెలుసు, నేను చెప్పాలి. తప్పితే మళ్ళీ యార్డే.

తూచిన పొడిని కొలిచిన క్షారంలో మరిగిస్తే మందు కొంత క్షారాన్ని తినేస్తుంది. మిగిలినదానికి రెండు చుక్కలు సూచిక వేస్తే గులాబీ రంగు వస్తుంది. బ్యూరెట్ అనే, సున్నా పైనుండి కిందికి అంకెలు పెరిగే గీతల గాజు గొట్టం నుంచి ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదిలి, ఆ రంగు పోగానే ఆపాలి. ఆమ్లం ఎంత తక్కువ పడితే మందు అంత ఎక్కువున్నట్టు. మందు కలపని క్షారానికి ఎంత ఆమ్లం పడుతుందో సీనియర్ అనలిస్టు పొద్దున్నే చూసి రాసిపెట్టింది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకే అంకె. లెక్క కడితే నూటికి నూటరెండు వచ్చింది.

సీనియర్ కాగితం చూసి చాలాసేపు నవ్వింది. ఆమెది గుంటూరు పాతబస్తీలో దర్జీల కుటుంబం. తాతల కాలంలో మా ఇంటి బట్టలు వాళ్ళే కుట్టేవారు. అది తెలిసినప్పటి నుంచీ నన్ను పేరుతో పిలవడం మానేసింది.

"నూటికి నూటరెండా? ఇది మీ వంశపు మందులా ఉందే, బాబుగారూ."

మూడూ ఒకేలా వచ్చాయి కాబట్టి నా పనిలో తప్పు లేదన్నాను. మళ్ళీ చేయమని పక్కన నిలబడి చూసింది.

"చదివేటప్పుడు వంగరేంటండీ? పైనుంచి చూస్తే ఉన్నదానికన్నా పై గీత కనపడుద్ది. ఆమ్లం తక్కువ పడ్డట్టు రాస్తన్నారు."

ఆ సంగతి నాకు తెలియంది కాదు. కాలేజీలో బల్లలు ఎత్తుగా ఉండేవి, అక్కడ వంగాల్సిన పని పడలేదు. ఇక్కడ వెన్ను నా చదువు మాట వినలేదు.

"మీ తాతగారూ అంతేనంట. మెడ కొలత ఇయ్యాలన్నా తల వంచేవారు కాదంట. మా తాతేమో పొట్టి. స్టూలెక్కి కొలిచేవాడు. మీరు వంగకపోతే మానెయ్యండి, బ్యూరెట్‌నే ఎత్తుదాం."

చెవులు వేడెక్కాయి. అయినా గుంటూరులో మా తాతగారి మెడ ఎవరికో గుర్తుందంటే లోపల సంతోషంగానే ఉంది. ముందు ఒక అట్టపెట్టె పెట్టి చూశాం, కుంగిపోయింది. భోజనాల వేళ నా అద్దెగదికి వెళ్ళి తాతగారి పీట తెచ్చాను.

బల్ల మీదే సున్నా దగ్గర మొదలుపెట్టి, రంగు పోయాక స్టాండును జాగ్రత్తగా పీట మీదికి ఎత్తాను. ఆమ్లం ఆగిన గీత సరిగ్గా నా కళ్ళ ముందుకు వచ్చింది. ఈసారి తొంభై తొమ్మిదిన్నర. ఇంకో రెండుసార్లు చేసినా అంతే.

సాయంత్రం మేడం నా అంకెను తన అంకెతో పోల్చి టిక్కు పెట్టింది. పీట వైపు చూసింది.

"ఇదెవరిదండీ?"

"మా తాతగారిది."

"ఉండనివ్వండి. పనికొస్తుంది."

నేనూ ఉండిపోయాను. పీట ఇప్పటికీ ల్యాబులోనే ఉంది. నేను స్టాండు ఎత్తుకోవడానికి వాడతాను. సీనియర్ వాళ్ళ తాతలాగే పొట్టి, బ్యూరెట్ నింపడానికి రోజూ దాన్నెక్కుతుంది. చెప్పులు విప్పి ఎక్కమని మాత్రం చెప్పాను. నవ్వుతుంది, కానీ విప్పే ఎక్కుతుంది.