వరద బావ మీద నా అనుమానాలు

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. వరద బావ స్కూల్లో లెక్కల పాఠం చెబుతూ కుప్పకూలిపోయాడని, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందని చెప్పింది.

నేను నమ్మలేదు.

ఏ ఆస్పత్రి, ఏ డాక్టర్ చూశాడు, ఈసీజీ తీశారా అని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాను. ఏడుస్తున్న మనిషిని అలా అడగొచ్చా? నా బుద్ధే అంత. ఇరవై ఏళ్లుగా బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఉద్యోగం. చిత్తూరు రూట్లో నన్ను చూస్తే టికెట్ ఉన్నవాళ్లు కూడా జేబులు తడుముకుంటారు.

బావను కూడా అలాగే చూశాను. ఒకటి కాదు, రెండు కాదు, ఆరేళ్లు.

ఇదంతా మన ఫ్యామిలీ గ్రూపులో రాయడానికి కారణం ఉంది. నిన్న మధ్యాహ్నం చెన్నై నుంచి సెల్వి అనే ఆవిడ వచ్చి, బావ కాళ్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఎవరో మన బంధువుల్లో ఎవరికీ తెలియదు. పాడె లేవకముందే గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దమ్మ అయితే నేరుగా అక్కనే అడిగేసింది.

"ఎవురు మే ఆమె?"

మీ అందరి డౌట్ ఏమిటో నాకు తెలుసు. మీకంటే ముందు నాకే వచ్చింది అది.

బావ ప్రతి వేసవి సెలవుల్లో దివ్యదేశాల యాత్ర అని, విష్ణు క్షేత్రాలు చూసొస్తానని ఒక్కడే వెళ్లేవాడు. వారం తర్వాత ముఖం నల్లగా కమిలిపోయి వచ్చేవాడు. కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా ఉండేది. ఏ స్వామి దర్శనానికి వెళ్తే ముఖం అలా అవుతుంది?

ఒకసారి అనంతపద్మనాభుడి ప్రసాదమని కలకండ పెట్టాడు. కవర్ మీద చూస్తే మన గాంధీ రోడ్డు అంగడి పేరు!

కిందటి ఏడాది ఆయన ఫోన్‌లో ఒక ఫోటో చూశాను. పడవ మీద బావ, పక్కన బిగుతైన నల్ల సూట్‌లో ఈ సెల్వి. ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు.

నిలదీశాను. బావకు కోపం కూడా రాలేదు.

"ఈసారి నువ్వూ రాప్పా. నీ కండ్లతోనే సూద్దువు" అన్నాడు.

అలా మాల్దీవుల్లో స్కూబా డైవింగ్ బోటు ఎక్కాను. ఆరు రోజులు తిండి, నిద్ర అన్నీ బోటు మీదే. రోజుకు మూడుసార్లు ఎక్కడో ఒకచోట ఆపితే, అందరూ కళ్లకు పెద్ద అద్దాలు, వీపున సిలిండర్లు కట్టుకుని దూకేస్తారు. నాకు ఈత రాదు. నేను పైన కూర్చుని డ్యూటీ చేశాను.

నీళ్లలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదట. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటారు, బడ్డీ అంటారు. బావకు సెల్వి బడ్డీ. దూకే ముందు ఒకరి గాలి మీటరు ఒకరు చూసుకుంటారు, బెల్టులు లాగి చూస్తారు. రోజూ అదే చెకింగ్, ఒక్కటీ వదలకుండా. ఆ పనితనం మాత్రం నాకు నచ్చింది.

నాలుగో రోజు అందరికంటే ముందే వీళ్లిద్దరూ పైకి తేలారు. ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని, ముఖాలు దగ్గర దగ్గరగా.

దొరికార్రా అనుకున్నాను. ఫోటో కూడా కొట్టాను.

నిచ్చెన దగ్గరికి వచ్చాక చూస్తే, ఆమె నోట్లో ఉన్నది బావ సిలిండర్ గొట్టం. లోపల ఆమెకు గాలి రావడం ఆగిపోయిందట. బావ తన రెండో గొట్టం ఆమెకు ఇచ్చి, ఒక్క సిలిండర్ మీద ఇద్దరూ ఊపిరి తీసుకుంటూ, మెల్లగా పైకి తెచ్చాడు. పైకి ఎక్కాక కూడా ఆమె బావ చెయ్యి వదల్లేదు.

"ఏం గాలేదమ్మా, ఏం గాలేదు" అంటున్నాడు బావ.

నాకు సిగ్గేసింది. ఆ ఫోటో డిలీట్ చేశాను.

నిన్న ఆమె ఎందుకు అంతలా ఏడ్చిందో ఇప్పుడు అర్థమైందా?

మరి దాయడమెందుకని బావను అడిగాను.

"మీ అక్కకు అంతా తెలుసు. మా నాయనకే తెలీకూడదు. తెలిస్తే వంటశాల గడప తొక్కనియ్యడప్పా. అదీ కావాల, ఇదీ కావాల నాకు."

వాళ్లది తరాలుగా గుడి వంటశాల సేవ. సముద్రం దాటిన మనిషి స్వామికి వండకూడదని వాళ్ల నియమం. బావ కూడా నెలలో కొన్ని రోజులు నాయన పక్కన ఆ పొయ్యి దగ్గర నిలబడేవాడు.

"మరి అక్క నాకెందుకు చెప్పలేదు?"

"జెప్తే నువ్వు నమ్మితే గదా!" అని నవ్వాడు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అందుకే నిన్న ఎంత విన్నా నోరు విప్పలేదు. నిజం చెబితే బావ వాళ్ల నాయన తట్టుకోలేరు. చెప్పకపోతే బావ పేరు పాడవుతుంది, అక్క తలెత్తుకోలేదు. ఏం చేయాలో తోచలేదు.

ఈ రోజు పొద్దున బావ వాళ్ల నాయనే సెల్విని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చుట్టూ మన వాళ్లు కొందరు ఉన్నారు. నాకు ఒకటే టెన్షన్.

"నా బిడ్డ సముద్రంలో ఎంత లోతు పొయ్యేవాడమ్మా?" అని అడిగారు.



"మీకెట్ల తెలుసు?" అన్నాను నేనే.

"యాత్ర నుంచి రాంగానే వాడికి జంధ్యం మార్పిచ్చేది నేనే గదప్పా. పాతది ఉప్పుకు బిరుసెక్కి ఉండేది. ఏ దివ్యదేశంలో ఉండాది అంత ఉప్పు? అడిగితే వాడు నిజం జెప్తాడు. నిజం జెప్తే వాడిని వంటకు రావద్దనాల. అందుకే నేను అడగలా."

సెల్వి కళ్లు తుడుచుకుంది. "ముప్పై మీటర్లు అయ్యా."

"భయపడేవాడా?"

"లేదయ్యా. నా భయం కూడా ఆయనే పోగొట్టేవారు."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

కన్నతండ్రి ఒక్కసారి కూడా అడగలేదు బావా. నేను ఆరేళ్లు అడుగుతూనే ఉన్నాను. నన్ను క్షమించు.

ఇక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ప్రశాంతంగా ఉండు.