శొంఠి పట్టు పండగ

ఆ రోజుల్లో తలనొప్పి ఒక్కరి సొంత ఆస్తి కాదు. కాలు విరిగినవాళ్ళకు సలహా చెప్పడానికి కాస్త జంకే పెద్దమనుషులు కూడా, పక్కవాళ్ళు కణతలు నొక్కుకోవడం చూస్తే చాలు, కండువా సర్దుకుని వైద్యులైపోయేవాళ్ళు. ఇప్పుడూ అంతేననుకోండి. కాకపోతే ఇప్పుడు చిట్కాలన్నీ ఫోన్‌లోకి వస్తున్నాయి కాబట్టి చూడనట్టు నటించే వీలుంది. అప్పట్లో మనుషులే గిన్నెలు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు. వాళ్ళెదుట నొప్పి తగ్గిందని చెప్పేదాకా కదిలేవాళ్ళు కాదు. నాకు అమెరికాలో మొదటి ఉద్యోగం నిలబెట్టింది చదువా, తెలివా, కష్టమా అని ఎవరైనా అడిగితే నేను నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే: శొంఠి. అది కూడా తలనొప్పి తగ్గించి కాదు.

అప్పుడు నేను జెర్సీ సిటీలో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. నది దాటి మాన్‌హట్టన్‌లోని క్లయింట్ ఆఫీసుకు రోజూ రైల్లో వెళ్ళేదాన్ని. నాతోపాటు ఉండే కరీంనగర్ అమ్మాయికి మేమంతా పెట్టుకున్న పేరు 'ప్రకృతి'. సబ్బు బదులు సున్నిపిండి, షాంపూ బదులు కుంకుడుకాయ, పంచదార బదులు ఉపన్యాసం. (ఇప్పుడు ఆవిడ ఓ పెద్ద మందుల కంపెనీలో పెద్ద హోదాలో ఉంది. పేరు చెప్పను, చెబితే మా స్నేహం చెడుతుంది.) ఒక ఆదివారం నేను పొద్దుటి నుంచి తాగుతున్న టీ కప్పులన్నీ సింకులో వరసగా చూసి ఆమెకు కడుపు తరుక్కుపోయింది.

"గింత చాయ్ తాగుతే బతుకుతవా నువ్వు? స్లో పాయిజనే అది. ఒక్క నెల బంద్ పెట్టి చూడు, మొఖం ఎట్ల మెరుస్తదో."

నాకు మొహం మెరవాలనే కోరిక ఎప్పటినుంచో ఉంది. టీ పొడి డబ్బా, కాఫీ సీసా రెండూ ఆవిడే స్వయంగా చెత్త గొట్టంలో వేసింది. మర్నాటి మధ్యాహ్నానికి నాకు తలనొప్పి మొదలైంది. ఇది చదువుతున్న మీరు తెలివైనవాళ్ళు, ఈపాటికి విషయం అర్థమైపోయి ఉంటుంది. మేము ఇంజనీరింగ్ చదువుకున్నవాళ్ళం, మాకు అర్థం కాలేదు. పగలంతా ఆఫీసులో ప్రోగ్రామ్ ఎక్కడ చెడిందో, చెడే ముందు ఏం మార్చారో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. నా తల చెడే ముందు ఏం మారిందో వెతకాలని మాత్రం నాకు తట్టలేదు.

మామూలు రోజుల్లో అయితే తలనొప్పిని తలకే వదిలేసేదాన్ని. కానీ నేను చేసిన ప్రోగ్రామ్‌ను క్లయింట్‌కు చూపించే డెమో ఆ వారమే. నా కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతోంది. క్లయింట్ మేడమ్ చూసి సరేనంటేనే పొడిగిస్తారు. ఉద్యోగం ఇచ్చిన కన్సల్టెన్సీ యజమానిని మేమంతా 'అన్న' అనేవాళ్ళం. (ఆయన మాకు జీతం తప్ప అన్నీ వేళకు ఇచ్చేవాడు.) అన్న ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు. "చూడు తల్లీ, హెడేక్ తర్వాత చూసుకుందాం. డెమో పోయిందనుకో, ఎక్స్‌టెన్షన్ పోద్ది. అది పోతే పనీ జీతమూ లేకుండా నువ్వు బెంచ్ మీద. బెంచ్ మీద ఎక్కువ రోజులుంటే నీ వీసాకి నేనేం చెయ్యలేను. టెన్షన్ మాత్రం పడకు." ఆయన ఫోన్ పెట్టేశాక తలనొప్పి రెండో కణతకు కూడా పాకింది. ఊరికి సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నట్టు, మా వీధిలో అందరూ గేటు దగ్గర నిలబడి చూస్తున్నట్టు రైల్లో నిలబడే కలలు కనేదాన్ని.

మాత్ర వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకునేదాన్నే. "గోలీలు ఏస్తే లివర్ ఖరాబైతది" అని ప్రకృతి వాటిని కూడా టీ పొడి వెళ్ళిన దారినే పంపింది. ఆ తర్వాత నా మీద ప్రయోగాలు మొదలయ్యాయి. నిద్ర లేవగానే పుదీనా నీళ్ళు. సాయంత్రం కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో, మెడ వెనక ఐసు సంచి. కింద ఉడుకుతుంటే పైన గడ్డకట్టేదాన్ని. కళ్ళ మీద కీరా ముక్కలు. దిండుకు ఏదో ఆకు నూనె రాసింది, రాత్రంతా పిప్పరమెంటు డబ్బాలో పడుకున్నట్టుంది. తల చుట్టూ చున్నీ బిగించి కట్టి, ఇల్లంతా చీకటి చేసి, ఆ చీకట్లో తనే బకెట్ తన్నుకుని పడింది. ఒంట్లో నీళ్ళు తక్కువైతే తలనొప్పి వస్తుందని వీడియోలో చూసి చెంబులకు చెంబులు తాగించింది. దాంతో ఆఫీసులో నేను సీట్లో కంటే బాత్రూమ్ దారిలోనే ఎక్కువ కనబడేదాన్ని. వీడియో కాల్‌లో మా అమ్మ మాత్రం ఒక్క చూపులో రోగం కనిపెట్టింది. "దిష్టే అది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యి." ఇక్కడ మిరపకాయలు కాలిస్తే అలారం మోగి ఫైరింజన్ వస్తుందమ్మా అంటే, "రానీ, వాళ్ళకీ దిష్టి పోతుంది" అంది.

డెమో ముందు రోజు సాయంత్రం పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చారు. కొడుకు దగ్గర ఆరు నెలలుందామని కాకినాడ నుంచి వచ్చిన పెద్దావిడ. కొడుకూ కోడలూ ఆవిడ వైద్యం వినడం మానేశారు కాబట్టి, సంచిలో సామగ్రి వేసుకుని మా అంతస్తులో తుమ్మిన ప్రతి ఇంటికీ వెళ్ళేవారు. సానరాయి కూడా విమానంలో తెచ్చుకున్నారు. ఎయిర్‌పోర్ట్‌లో ఇదేమిటని అడిగితే "మా మెడికల్ షాపు" అన్నారట.

"ఏంటమ్మా ఆ మొహం? పీక్కుపోయింది. ముందే చెప్పొద్దూ?"

"చిన్న తలనొప్పే ఆంటీ, మీరు కంగారు పడకండి" అన్నాను.

"చిన్నదైతే అలాగుంటావా? కూర్చో. శొంఠి పట్టు వేత్తాను. తెల్లారేసరికి తలనొప్పి పేరు కూడా గుర్తుండదు నీకు."

అంతవరకూ ఆంటీకీ ప్రకృతికీ ఏ విషయంలోనూ పడేది కాదు. శొంఠి దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. ఒకరు నా తల పట్టుకుంటే ఇంకొకరు శొంఠి కొమ్ము అరగదీశారు. ఆంటీ ఆ గంధాన్ని మూడు వేళ్ళతో తీసుకుని ఈ కణత నుంచి ఆ కణత దాకా ఒక్క లాగు లాగారు. కాసేపు చల్లగా, తర్వాత వెచ్చగా, ఆ తర్వాత నా నుదుటి మీద ఎవరో పెనం పెట్టినట్టుగా ఉంది. మండుతోందని అరిస్తే "మండిందంటే పట్టిందన్నమాట" అన్నారు ఆంటీ సంతోషంగా. "ఆరగానే కడిగెయ్యాలి, మర్చిపోకు" అని కూడా అన్నారు పాపం, గుమ్మం దాటుతూ. నేను అప్పటికే సోఫా మీద ఒరిగి నిద్రపోయాను. ఆ వారంలో నాకు పట్టిన మొదటి నిద్ర అదే.

పొద్దున్నే కడిగితే శొంఠి పోయింది, మూడు వేళ్ళూ పోలేదు. నుదుటి మీద అడ్డంగా మూడు ఎర్రటి చారలు, కొలిచి గీసినట్టున్నాయి. ప్రకృతి చూసి "ఏం కాదే, కొబ్బరినూనె రాద్దాం" అని రాసింది. చారలు మెరిశాయి. నేను ఏడుపు మొహంతో, ఎప్పుడో కొన్న, నా రంగుకు నప్పని తెల్లటి పౌడర్ వాటి మీద దట్టంగా అద్దాను. నూనె మీద పౌడర్ పట్టేసి చారలు కాస్తా విభూతి రేఖల్లా తేలాయి. తలనొప్పి చెక్కుచెదరలేదు. కడిగి మళ్ళీ మొదలుపెట్టే టైమ్ లేదు, రైలు వెళ్ళిపోతుంది. రైల్లో ఒక్కరూ నా వంక చూడలేదు. ఆ ఊళ్ళో తల చేత్తో పట్టుకుని ఎక్కినా ఎవరూ చూడరు, అదొక సుఖం.

మా క్లయింట్ మేడమ్‌కు నేను పెట్టుకున్న పేరు 'మర్యాద మేడమ్'. యాభై దాటిన అమెరికన్ ఆవిడ, మాట మెత్తన. ఇతరుల ఆచారాలను ఎలా గౌరవించాలో ఆఫీసు వాళ్ళు పెట్టే శిక్షణలన్నిటికీ ముందు వరసలో కూర్చునేవారు. నన్ను చూడగానే ఆవిడ నడక ఆగిపోయింది. చూపు నుదుటి మీద పడి, తప్పు చేసినట్టు వెంటనే కిందికి దిగింది.

"నేను అడగకూడనిదైతే క్షమించు" అన్నారు ఇంగ్లీషులో, గుడిలో మాట్లాడుతున్నంత నెమ్మదిగా. "నుదుటి మీద ఆ గుర్తు..."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "మా పక్కింటి పెద్దావిడ నిన్న సాయంత్రం పెట్టారు."

"నువ్వు నీరసంగా ఉన్నావు. ఏమైనా తిన్నావా?"

"ఈ వారమంతా టీ కాఫీ ముట్టలేదు. పొద్దున్న పుదీనా నీళ్ళు తాగాను, అంతే."

ప్రతి మాటా నిజమే. మేడమ్ రెండు చేతులూ జోడించి, తల వంచి, "అర్థమైంది" అన్నారు. ఆవిడకు ఏం అర్థమైందో నాకు అర్థం కాలేదు.

మీటింగ్ గదిలో బల్లమీద పెద్ద కాఫీ పాత్ర పొగలు కక్కుతోంది. ఆ వాసన తగిలేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది. మొహం మెరవకపోతే పీడా పోయింది, ప్రకృతి ఏమనుకుంటే అనుకోనీ అనుకుని కప్పు కోసం చెయ్యి చాచాను. అప్పుడే మేడమ్ లోపలికొచ్చారు. "ఒక్క నిమిషం. ఈరోజు మన సహోద్యోగికి పవిత్రమైన రోజు. ఆమె ఉపవాసంలో ఉండి కూడా మనకోసం వచ్చింది. ఆమె ఎదుట మనం తినడం, తాగడం బాగుండదు. కాఫీ, డోనట్లు బయట పెట్టించేద్దాం." నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. (అక్కడున్నవాళ్ళు అది ఆశీర్వాదం అనుకున్నారని తర్వాత తెలిసింది. ఒకరిద్దరు తల కూడా వంచారు.) కాఫీ పాత్ర నా పక్కనుంచే వెళ్ళిపోయింది. కాదు మేడమ్, ఇది శొంఠి అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ గదిలోని అందరూ కప్పులు కింద పెట్టేసి ఎంతో గౌరవంగా నా వంక చూస్తున్నారు. శొంఠిని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

ఆ టీమ్‌లో ఒకాయన ఉండేవాడు, నేను 'ఒక చిన్న సందేహం' అని పిలుచుకునేదాన్ని. స్లయిడ్ మారితే సందేహం, మారకపోతే సందేహం. ఆయన సందేహాలకు నాకంటే ముందు వచ్చిన ఇద్దరి కాంట్రాక్టులు ఎగిరిపోయాయి. వారమంతా నాకు అసలు భయం ఆయనే. నేను ఒక కన్ను మూసుకుని డెమో మొదలుపెట్టాను. కాసేపటికి గదిలో ఆవలింతలు మొదలయ్యాయి. సగంలోకి వచ్చేసరికి ఒకామె కణతలు రుద్దుకుంటోంది. 'ఒక చిన్న సందేహం' గారు నోరు తెరిచి, ఏం అడగాలనుకున్నాడో మరిచిపోయి, మళ్ళీ మూసుకున్నాడు. చివర్లో ప్రశ్నలున్నాయా అంటే తలలు రెండు చేతుల్లో పెట్టుకుని అందరూ అడ్డంగా ఊపారు. "చాలా బాగుంది" అన్నారు మేడమ్ నీరసంగా. "ఇంత ప్రశాంతమైన మీటింగ్ నేనెప్పుడూ చూడలేదు. పొడిగింపు సంగతి మీ వాళ్ళకు ఈరోజే చెబుతాను."

అందరూ వెళ్ళాక ఆవిడ ఆగిపోయారు. "నాకు తల పగిలిపోతోంది. మీవాళ్ళు ఇలాంటి రోజున ఎలా తట్టుకుంటారు? ఏదైనా సహజమైన మార్గం ఉందా?" వారం రోజుల వైద్యమంతా నా నాలుక చివర ఉంది. ఆ క్షణంలోనే, ఆవిడ తల చూసి, నా తల సంగతి నాకు తెలిసింది. "మేడమ్, మీరొక కాఫీ తాగండి, తగ్గిపోతుంది" అన్నాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నువ్వు ఉపవాసముంటూ నన్ను తాగమంటున్నావా? లేదు. సాయంత్రం దాకా నీతోపాటు నేనూ ఉంటాను." ఇక నేను మాత్రం ఆ ఆఫీసులో ఎలా తాగను? సాయంత్రం దాకా ఇద్దరం ఎదురెదురుగా, తలలు పట్టుకుని, ఎంతో గౌరవంగా కూర్చున్నాం.

స్టేషన్ దగ్గర బండివాడి దగ్గర కాఫీ తీసుకుని నిలబడే తాగేశాను. రైలు నది దాటేలోపు తలనొప్పి దిగిపోయింది. ఇంటికెళ్ళి తగ్గిందని చెప్పగానే ఆంటీ "చూశావా, శొంఠి!" అన్నారు. ప్రకృతి "పుదీనా నీళ్లే, నేనేం చెప్పిన?" అంది. అమ్మ, తను అక్కణ్ణుంచే దిష్టి తీశానంది. అన్న ఫోన్ చేసి, తను టెన్షన్ పడొద్దని చెప్పడం వల్లే అన్నాడు. నేను ఎవరినీ కాదనలేదు. ఆంటీ ఊరికెళ్ళేటప్పుడు సానరాయి నాకే ఇచ్చి వెళ్ళారు.

ఇప్పుడు మేం అమెరికాకు ఆ చివర, శాన్ రామన్‌లో ఉంటున్నాం. మర్యాద మేడమ్ రిటైరై న్యూజెర్సీలో ఉంటున్నారు. కానీ ప్రతి ఏడూ ఆ తేదీకి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది: "ఈరోజు నేనూ కాఫీ ముట్టలేదు. నీకు పండగ శుభాకాంక్షలు." మొదటి ఏడు నిజం రాద్దామని కూర్చుని రాయలేకపోయాను. ఎవరూ లేని ఊళ్ళో, నేనెవరో సరిగ్గా తెలియని ఒకావిడ, నాకోసం చేతిలో కప్పు కింద పెట్టేసింది. అంతకుముందు ఆ దేశంలో నాకోసం ఎవరూ ఏదీ కింద పెట్టలేదు. రెండో ఏడు నుంచి ఆ రోజున నేనూ టీ మానేశాను. మధ్యాహ్నానికి తలనొప్పి ఠంచనుగా వస్తుంది.

మొన్న కూడా వచ్చింది. సానరాయి మీద శొంఠి అరగదీస్తుంటే మా అమ్మాయి వంటింట్లోకొచ్చి, "అమ్మా, నీకు హెడేక్ ఉంటే టీ తాగొచ్చు కదా? వై ఆర్ యూ డూయింగ్ దిస్?" అంది.

"ఈరోజు పండగ, తాగకూడదు" అన్నాను.

"ఏ పండగ? మై ఫ్రెండ్స్‌కి ఎవరికీ లేదు."

"మనకూ, న్యూజెర్సీలో ఇంకొకావిడకూ ఉంది" అని, మూడు వేళ్ళతో నుదుటికి పట్టు వేసుకుని, ఈసారి ఆరగానే కడిగేద్దామని కిటికీ దగ్గర కూర్చున్నాను.