షెడ్డులో ఆగని వైపర్

అరవైల నడుమ, ఒక వానాకాలానికి ముందు, ఖరగ్‌పూర్ రైల్వే మోటారు గ్యారేజీలో నన్ను ఖలాసీగా వేశారు. ఖలాసీ అంటే అన్నిటికన్నా కింది మెట్టు. ఆ పైన హెల్పరు, ఫిట్టరు, మిస్త్రీ, వాళ్ళందరి మీద ఛార్జ్‌మన్, ఆయన మీద ఫోర్‌మన్. వర్క్‌షాపులో పనిచేసే నా భర్త పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం అది. నా చదువు మూడో తరగతి. మొదట చీపురిచ్చారు. నేను పానా అడిగాను. ఆడదానికి పానా ఎందుకన్నారు. అడగడం మానలేదు. విసిగిపోయి ఇచ్చారు.

గ్యారేజీలో ఒక పాత స్టేషన్ వ్యాగన్ ఉండేది, లైను పని చూసే ఆఫీసర్లను తిప్పే బండి. దాని డ్రైవరు సూరప్పడు బొబ్బిలి వైపు మనిషి. పెద్దవాడు కాబట్టి మామ అనే పిలిచేదాన్ని. ఆ ఏడు విశ్వకర్మ పూజ అయిన కొద్ది రోజులకే ఊరి బయటి సాలువా దారిలో, వానలో వైపర్ ఆగిపోయి, బండి రోడ్డు దిగి కల్వర్టు గోడకు రాసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని లోపల ఆఫీసరు ఉన్నారు, అదీ గొడవ.

గ్యారేజీకి తెచ్చి స్విచ్చి వేస్తే వైపర్ శుభ్రంగా నడిచింది. మా ఎలక్ట్రీషియన్ నిఖిల్ దా అద్దం మీద నీళ్ళు పోసి మరీ చూశాడు. "చోల్‌ఛే దీదీ, నడస్తంది, ఠీక్ హై" అన్నాడు. అయినా మోటారు మార్పించారు. బిగించింది నేనే. తీసిన మోటారులో ఏ లోపమూ కనబడలేదు. దాన్ని చెత్తలో వేయనివ్వక గుడ్డలో చుట్టి దాచాను. తరువాతి వానకే సూరప్పడు వచ్చి మళ్ళీ ఆగిందన్నాడు. మళ్ళీ స్విచ్చి వేశాం. మళ్ళీ నడిచింది.

ఛార్జ్‌మన్ రాజారావు గారికి ఓపిక పోయింది. "ఆగిపోతన్నాది వైపర్ కాదు సూరప్పడా, నీ కళ్ళు. రేపట్నుంచి స్టీరింగు ఒగ్గీసి గేటు కాడ కూకో" అన్నారు.

"నా కళ్ళకేటయింది బాబూ? నీ మీసంలో తెల్లెంటికలు ఇక్కడ్నుంచే లెక్కెట్టీమంటావా?"

అందరూ నవ్వారు. దాంతో రాజారావు గారికి ఇంకా మండింది. మర్నాడు ఫోర్‌మన్ గారితో బండిలో లోపం లేదని, డ్రైవరుకు చూపు తగ్గిందని చెప్పేస్తానన్నారు. అలా చెబితే ముప్పావు జీవితం బండి నడిపినవాడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలి. నావైపు తిరిగి, మోటారు బిగించింది నువ్వే కనుక బాగుందని నువ్వూ చెప్పాలన్నారు.

"సెప్పను బాబూ" అన్నాను.

"ఏటి సెప్పవు? ఎదురుగా నడస్తంటే కనబడ్నేదా? నీ కళ్ళకీ జబ్బేనా?"

"ఇక్కడ నడస్తంది. ఆగిన కాడికి నానెల్లి సూణ్ణేదు. సూడకుండా సెప్పను."

బాగుచేసిన బండిని రోడ్డు మీద నడిపి చూడడాన్ని ట్రయల్ అంటారు. దానికి డ్రైవరుతో ఫిట్టరు వెళ్ళాలి, ఆడవాళ్ళను పంపరు. నేను వెళ్తానన్నాను. ఆడమనిషి డ్రైవరు పక్కన కూర్చుని సాలువా దాకా ఊరేగితే నలుగురూ ఏమంటారని రాజారావు గారు అడిగారు. ఆ నలుగురూ వచ్చి వైపర్ బాగుచేస్తే నేను దిగిపోతానని చెప్పి, ఎక్కి కూర్చున్నాను.

ఝపటాపూర్ దుకాణాలు దాటేదాకా సన్నటి వానే. వైపర్ చక్కగా నడుస్తోంది. "నా పరువు తీసీడానికే నడస్తన్నాది సూడమ్మీ ఇది" అని సూరప్పడు పళ్ళు కొరికాడు. సాలువా దారిలో మబ్బు కమ్మి పట్టపగలే చీకటైంది. ఆయన ముందు దీపాలు వేశాడు. వైపర్ అద్దం నడిమిదాకా ఈడ్చుకుంటూ వచ్చి నిలిచిపోయింది.

"అదిగో! సూసినావా?"

"మావా, ఇప్పుడేటి సేసినావు?"

"నానేటి సేసినాను? లైటేసినాను."

"ఆర్పు."

ఆర్పాడు. వైపర్ కదిలింది. మళ్ళీ వేశాడు. ఆగింది. గ్యారేజీ వెలుతురులో మేమెవరం దీపాలు వేసి చూడలేదు.

బండి పక్కకు ఆపించాను. మోటారు బండిలో కరెంటు వెళ్ళడానికి తీగ ఉంటుంది, తిరిగి బ్యాటరీకి చేరే దారి మాత్రం బండి ఇనుప ఒళ్ళే. ఆ దారిని ఎర్తు అంటారు. నా సంచిలో ఉన్న పాత తీగ ముక్క ఒక కొసను వైపర్ మోటారుకు, రెండో కొసను తలుపు బందు దగ్గర రంగు పోయిన ఇనుముకు ఆనించాను. దీపాలు వెలుగుతుండగానే వైపర్ పరిగెత్తింది. సూరప్పడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

డ్యాష్‌బోర్డు వెనక వైపరుకూ ముందు దీపాలకూ కలిపి ఒకే ఎర్తు బోల్టు ఉంది. అది నల్లగా నిగనిగలాడుతోంది. విశ్వకర్మ పూజకు మా షాపుల్లో పనిముట్లు కడిగి, యంత్రాలకు రంగులు వేసి, దండలు వేస్తాం. ఆ ఏడు ఈ బండిని దేవుడి ముందు నిలబెట్టాలని రాజారావు గారు లోపలా బయటా రంగు వేయించారు. బోల్టు విప్పి, కింద రేకుకూ పూసి, ఆ రంగు మీదే తీగలు బిగించేశారు. బోల్టు మరల్లోంచి వైపరుకు సరిపడా కరెంటు ఎలాగో పోయేది. దీపాలు కూడా తోడైతే దారి చాలేది కాదు.

తిరిగొచ్చి గరుకు కాగితం తీశాను. రాజారావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"పూజ రంగు గీకీకు. దేవుడికేసింది. ఏడాది తిరక్కుండా గీకితే షాపుకి మంచిది కాదు."

"దేవుడు సూడ్డం అయిపోనాది బాబూ. ఇప్పుడు డ్రైవరుకి రోడ్డు కనబడాల" అని, ఇనుము తెల్లగా తేలేదాకా గీకాను. బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. దీపాలు, వైపర్ కలిపి వేసి అందరికీ చూపించాను. మర్నాడు ఫోర్‌మన్ గారికీ అలాగే చూపించాను. ఆయన సూరప్పణ్ణి స్టీరింగు మీదే ఉంచమన్నారు.

ఆయన వెళ్ళాక, గీకిన చోట మళ్ళీ రంగు వెయ్యమని రాజారావు గారు నాకు హుకుం వేశారు. వెయ్యనన్నాను. మాట వినని దానివని పానా తీసుకుని చీపురిచ్చారు. చలికాలం దాకా గ్యారేజీ ఊడ్చాను. ఊడుస్తూనే రోజూ పానా అడిగాను. చివరికి మళ్ళీ ఇచ్చారు.

ఆగి ఆగి నడిచే లోపం షెడ్డులో దొరకదు. ఆగినప్పుడు వాన ఉందా, చీకటి ఉందా, ఏయే స్విచ్చిలు వేసి ఉన్నాయి అని అడిగి, అన్నీ అలాగే పెట్టి చూడాలి. అలా చూడకముందే మనిషిలో లోపం ఉందని చెప్పమంటే చెప్పకూడదు, చెప్పమన్నవాడు ఎంత పెద్ద మెట్టు మీద ఉన్నా సరే.