తెల్లవారితే గురువారం

మా పెళ్లి ఏ రోజు జరిగిందో తేల్చడానికి సిడ్నీలో ట్రిబ్యునల్ మా ఇద్దరినీ రమ్మంది.

మా ఆయనది వైటూకే ఉద్యోగం. పొద్దస్తమానం కంప్యూటర్లలో తేదీలు సరిచేసేవారు. అలాంటి మనిషి నా వీసా ఇంటర్వ్యూలో పెళ్లి బుధవారం అయిందన్నారు. వేరే గదిలో నేను గురువారం అన్నాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక మరి. శుభలేఖలో వేయించినట్టు బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం. ఇద్దరం నిజమే చెప్పాం. వీసా ఆఫీసువాళ్లు మాత్రం దొంగ పెళ్లని వీసా ఇవ్వలేదు. అప్పీలు వినే ట్రిబ్యునల్ కూడా నమ్మకపోతే ఆయన ఇక్కడ, నేను ఇండియాలో.

"తెల్లవారితే అని ఒక్క ముక్క అని ఉంటే ఏం పోయేదండీ?" అని నేను, "నువ్వు అనొచ్చుగా?" అని ఆయన. సిడ్నీ శివారు టూంగాబీలో మా ఫ్లాట్ గోడలకు కూడా ఈ గొడవ కంఠతా వచ్చేసింది. చివరికి ఇంట్లో ఆ ఊసే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

పిలిచిన రోజున నాకు భయం కంటే హుషారే ఎక్కువ. పెళ్లినాటి పట్టుచీర కట్టాను. ట్రైన్లో అందరూ చూస్తుంటే ఇంకా ఉత్సాహం వచ్చింది. ఆయన చెప్పిన బుధవారమే నేనూ చెప్పేద్దాం, పీడా పోతుంది అనుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు, ఒట్టు ఉంది కదా.

ముందు ఆయన్ని లోపలికి పిలిచారు. తర్వాత నన్ను పిలిచి ఆయన పక్కనే కూర్చోబెట్టారు. విచారణ చేసే పెద్దావిడ అడగ్గానే "బుధవారం" అన్నాను గట్టిగా.

"మీ ఆయన ఇప్పుడే గురువారం అన్నారే" అందావిడ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడున్నానో మరిచిపోయి తెలుగులో అందుకున్నాను.

"మీకేమొచ్చిందండీ? ఇన్నాళ్లూ బుధవారం బుధవారం అని ఇప్పుడు మారుస్తారా?"

"నీ మాటే చెబుదామని మార్చాను. నువ్వెందుకు మార్చావు?"

ఏమైందని ఆవిడ అడిగితే, తెల్లవారితే గురువారంతో సహా అంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసేసింది.

"దొంగ పెళ్లివాళ్లు ఒకే మాట బట్టీపట్టి వస్తారు" అంది. నేను ఇక్కడే ఉండొచ్చని అప్పుడే చెప్పేసింది.

సంతోషం పట్టలేక లిఫ్టులో జనమున్నా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా పెళ్లి బుధవారమే లెండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. గురువారమేనని టూంగాబీ దాకా వాదించారు.