ఎవరు ఎవరి కింద

2007 జూన్ 12, మంగళవారం. హాజరైనవారు: జి.ఎం. గారు, గూడెం మేడమ్, కొల్లేరు యూనిట్ సూపర్‌వైజరు, నేను. (పాత కంప్యూటరు ఒకటి, కొత్త కంప్యూటరు ఒకటి. వాటిని కూడా రాసుకున్నాను. ఆ రోజు మా నలుగురికన్నా వాటికే మర్యాద ఎక్కువ జరిగింది.)

ఆ రోజుల్లో నాకు నలభై ఏడేళ్ళు. కుర్రతనపు ముచ్చట చెబుతానని కూర్చోబెట్టి ఈయన నలభై ఏడంటాడేమిటని మీరు అనుకోవచ్చు. కానీ మనిషికి జుట్టు నెరిసినంత త్వరగా అసూయ నెరవదు. ఆ ఏడాది నేను పడ్డ కుళ్ళు అచ్చంగా పదో తరగతిలో ఫస్టు ర్యాంకు చేజారిన పిల్లవాడు పడేదే. అందుకే దీన్ని నా చిన్ననాటి సంగతుల్లోనే కలిపేస్తున్నాను.

మాది ఏలూరులో చేపల మేత తయారుచేసే కంపెనీ. తాడేపల్లిగూడెంలో గోడౌను, కొల్లేరు అంచున చెరువుల యూనిట్ ఉండేవి. నేను సిబ్బంది విభాగం చూసేవాణ్ణి. ఎవరు ఏ సెక్షన్లో ఉన్నారు, ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారు అన్నదంతా నా రిజిస్టర్లో ఉండేది. అంతకు ముందు ఏడాది కొల్లేరులో చెరువుగట్లు కొట్టేశాక మా వాళ్ళలో సగం మందిని దెందులూరు వైపు చెరువులకు మార్చారు. ఆ మార్పులన్నీ నేను రిజిస్టరు తెరవకుండానే చెప్పేవాణ్ణి. జి.ఎం. గారు గది గుమ్మంలోకి వచ్చి, ఫలానా అతను ఇప్పుడు ఎవరి కింద ఉన్నాడండీ అని అడగడం, నేను కళ్ళజోడు తీసి ఒక్క క్షణం ఆగి జవాబివ్వడం (ఆగాల్సిన అవసరం లేదు, అయినా ఆగేవాణ్ణి) నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

అలాంటి సమయంలో గూడెం మేడమ్ వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. తాడేపల్లిగూడెంలోనే ఇంజనీరింగు చదివింది. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు. రోజూ పాసింజరులో వచ్చి, పాసింజరులోనే వెళ్ళేది. హెడ్డాఫీసువాళ్ళు సిబ్బంది వివరాలకు కొత్త సాఫ్ట్‌వేరు కొన్నారు. మా ఏలూరు పాత సాఫ్ట్‌వేరులో ఉన్న సెక్షన్లు, పోస్టులు, ఎవరిపైన ఎవరు అన్నదంతా రోజూ దానంతటదే కొత్తదానిలోకి వెళ్ళేటట్టు అమర్చడం ఆమె పని. ఇక్కడి ఏ గడి అక్కడి ఏ గడిలోకి వెళ్ళాలో ఒకసారి చెప్పి పెడితే చాలట. ఇక జి.ఎం. గారు గుమ్మంలోకి రావడం మానేశారు. వస్తే ఆమె బల్ల దగ్గరికే వెళ్ళేవారు. ఆయన రోజుకు నన్ను ఎన్నిసార్లు పిలిచారు, ఆమెను ఎన్నిసార్లు పిలిచారు అని నేను డైరీలో గీత కొట్టి రెండు వరుసల్లో రాయడం మొదలుపెట్టాను. ఒక శుక్రవారం నాది ఒకటి, ఆమెది తొమ్మిది. ఆ ఒకటీ కిటికీ వేయమని. మా ఆవిడ ఆ పేజీ చూసి, "ఏవండీ, ఇది కబడ్డీయా?" అని అడిగింది. నేను డైరీ మూసేశాను.

పాపం ఆ అమ్మాయి నన్ను ఎంత గౌరవించేదో చెబితే నామీద మీకు మరింత కోపం వస్తుంది. సోమవారం సాయంత్రం తాను తయారుచేసిన పట్టిక నా కంప్యూటర్లో తెరిచి పెట్టి, ఒకసారి సరిచూడమని అడిగి, పాసింజరుకు టైమవుతోందని వెళ్ళిపోయింది. అందులో ప్రతి ఉద్యోగి నంబరు పక్కన అతని పై అధికారి నంబరు ఉంది. నేను ముందుగా నా వరుస చూసుకున్నాను. (మీరైనా అదే చేస్తారు.) నా పక్కన ఆమె నంబరు ఉంది. ఆమె పక్కన జి.ఎం. గారి నంబరు. కొత్త ఏర్పాటులో సిబ్బంది విభాగం సిస్టమ్స్ కింద, అంటే ఆమె కంప్యూటర్ల విభాగం కింద, ఉంటుందని ఆయనే చెప్పారట, అది నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఒకటే. మర్నాడు జి.ఎం. గారి ఎదుట ఈ పట్టిక కొత్తదానిలోకి వెళ్తుంది, సాయంత్రానికి రెండు విభాగాలకూ కలిపి ఇన్‌ఛార్జి పేరు హెడ్డాఫీసుకు వెళ్తుంది, ఆ తర్వాత నా కన్నా ఇరవై ఒక్క ఏళ్ళు చిన్నదాని కింద నేను పదవీ విరమణ దాకా ఉంటాను.

ఆమె వరుసలో జి.ఎం. గారి నంబరు చెరిపి నా నంబరు కొట్టాను. అంతటితో ఆగాను. ఎందుకంటే నా రిజిస్టర్లకు ఒక నియమం ఉండేది: పేజీకి ఒకటే దిద్దుబాటు, పక్కన పొట్టి సంతకం. రెండో దిద్దుబాటు పడితే ఆ పేజీ మొత్తం తిరగరాయాలి. మా ఇద్దరి వరుసలూ ఒకే పేజీలో ఉన్నాయి. ఆమె నా కిందికి వచ్చాక నా వరుస దానంతటదే సర్దుకుంటుందని కూడా అనుకున్నాను. రిమార్కుల గడిలో, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, నా పొట్టి సంతకం అక్షరాలు టైపు చేసి ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాను.

మంగళవారం పదకొండు గంటలకు మేడమ్ బటన్ నొక్కింది. గూడెం గోడౌనువాళ్ళు వెళ్ళారు. మేత మిల్లువాళ్ళు వెళ్ళారు. ఆ తర్వాత తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే. గట్లు కొట్టేశాక చెరువుల యూనిట్ మొత్తాన్ని మా సిబ్బంది విభాగం కిందే పెట్టారు కనుక వాళ్ళలో ఒక్కరూ కొత్త కంప్యూటర్లో కనిపించలేదు. సూపర్‌వైజరు తెరలోకి వంగి చూసి, "మా వాళ్ళు ఒక్కళ్ళూ లేరండీ. పొద్దున పడవెక్కినప్పుడు అందరూ ఉన్నారండీ," అన్నాడు.

మేడమ్ పట్టిక తెరిచి కాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచింది. గొంతు బాగా తగ్గించి, "ఏవండీ, ఇందులో మీరు నా కింద ఉన్నారు, నేను మీ కింద ఉన్నానండీ. పైన ఎవరున్నారా అని అది మనిద్దరి మధ్యే తిరుగుతోంది," అంది. తర్వాత ఆమె చూపు రిమార్కుల గడి మీదికి వెళ్ళింది. నా పొట్టి సంతకం అక్కడ బుద్ధిగా కూర్చుని ఉంది.

ఆమె వెనక్కి తిరిగి, ఒక వరుస సరిచూడాల్సి ఉందని, రేపు పొద్దునకల్లా పంపేస్తానని జి.ఎం. గారికి చెప్పింది. ఆయన, "ఇంత చదువుకుని ముందే చూసుకోవద్దామ్మా?" అని విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ మాట ఆమె పడాలని నేను నాలుగు నెలలుగా ఎదురుచూశాను. తీరా పడ్డాక అందులో రుచి లేదు. ఆ తప్పు నాదని నేను చెప్పనూ లేదు. పైగా ఆమె అలా ఊరుకోగలిగినందుకు ఇంకోసారి కుళ్ళుకున్నాను. అంత నిబ్బరం ఆ వయసులోనే ఎక్కడ దొరికింది ఈ పిల్లకి అని.

మర్నాడు పొద్దున నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. ఆమె అప్పటికే వచ్చి ఉంది. పట్టిక తెరిచి, మా ఇద్దరి వరుసల్లో పై అధికారి గళ్ళు రెండూ ఖాళీ చేసి ఉంచింది. లేచి తన కుర్చీ నాకిచ్చి, "రిజిస్టరు మీదండీ. మీరే రాయండి. మీరు ఏది రాస్తే అదే పంపుతాను," అని టిఫిన్ బాక్సు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ రెండు గళ్ళ ముందు నేను పావుగంట కూర్చున్నాను. ఎవరూ లేరు. ఏది రాసినా అడిగేవారు లేరు. ఆమె పక్కన జి.ఎం. గారి నంబరు కొట్టాను. నా పక్కన ఆమె నంబరు కొట్టాను. ఒకే పేజీలో రెండు దిద్దుబాట్లు. ఆమె వచ్చి చూసి బటన్ నొక్కింది. కొల్లేరు మనుషులందరూ ఒకరి వెనక ఒకరు కొత్త కంప్యూటర్లోకి దిగారు. పది గంటలకు జి.ఎం. గారు వచ్చి ఇన్‌ఛార్జిగా ఎవరి పేరు రాయమంటారని చాలా కాలానికి నన్ను అడిగారు. ఈసారి నేను కళ్ళజోడు తీయలేదు, ఆగలేదు. ఆమె పేరు చెప్పాను. నిన్నటి తప్పు నాదని కూడా చెప్పాను.

ఇన్నేళ్ళకు, నిన్న ఆ డైరీ తీసి చూశాను. ఆ బుధవారం పేజీలో రెండు వరుసల లెక్క లేదు. ఒకటే వాక్యం ఉంది: "నేటి నుంచి మేడమ్ నా పై అధికారి." బాగానే రాశాననుకున్నాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, దాని చివర, సన్నటి అక్షరాలతో, వేరే సిరాతో, బహుశా మధ్యాహ్నం భోజనమయ్యాక చేర్చినట్టున్నాను: "కంప్యూటర్లో మాత్రమే."