మల్లక్క మళ్ళ కార్ఖాన గడప తొక్కిన శుక్రారం

మల్లక్కకు కోపం వస్తే ఊరికి ముందుగాల తెలిసేది ఆమె బండి సప్పుడుతోనే. ఆ పొద్దు ఆ పాత ఎక్సెల్ బండి అరిసిన అరుపుకు తొవ్వల పన్న కుక్కలు లేచి పక్కకు జరిగినయి. బండి సక్కగ పోయి బడి ముందర ఆగింది. స్టాండు గుడ వెయ్యలే, గోడకు ఆనిచ్చి లోపలికి నడిచింది.

ఖానాపూర్ అవతల మా బూరుగుగడ్డ. ఈ ఊర్ల ఆడమనిషి బండి నడుపుడు మల్లక్కతోనే మొదలు. వార్డు మెంబరుగ గెలిచి వాడకట్టుకు బోరు వేయించింది ఆమెనే. బెల్టుషాపు ముందర చీపుర్లు పట్టుకొని కూసున్న ఆడోళ్ళల్ల అందరికంటె ముందు కూసున్నది ఆమెనే. నలభై దాటినంక, బీడీలు చుట్టుకుంటనే, ఓపెన్ స్కూల్ల టెన్త్ పాసైంది. పాసైన నాడు బీడీ కార్ఖానకు పోయి, బీడీలు చుట్టే తన చాటను బోర్లించి, అందరు వినంగ ఒక మాటన్నది: "ఇగ ఈ గడప తొక్కితే నా పేరు మల్లక్క కాదు." ఎనిమిదేండ్లాయె, తొక్కలే. ఇప్పుడు అదే ఓపెన్ స్కూలు సెంటర్ల పెద్దోళ్ళకు చదువు చెప్తది. ఆమె చేతి కింద పాసైన బీడీల ఆడోళ్ళు వాడకు ఇద్దరు ముగ్గురన్న కనబడ్తరు. పక్క ఊర్ల పెద్ద బడి ఉన్నది, పెద్ద సార్లున్నరు. అక్కడ ఒక్కరు గుడ కనబడరు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలె గద.

ఆమె చదువు చెప్పుడు బడితోటి అయిపోయేది కాదు. శనారం పొద్దుమీకి ఇల్లిల్లు తిరిగేది. "రేపు క్లాసున్నది, ఆకు తడపకుండ్రే" అని వాకిట్లకెల్లే కేకేసేది. తడిపిన తునికాకును ఆ రోజే చుట్టాలె, లేకుంటె ఎండి పలుగుతది, పైసకు పనికిరాదు. అప్పటికే ఎవలన్న తడిపి పెడితే తిట్టుకుంట తిట్టుకుంట పక్కన కూసునేది, కత్తెర అందుకొని తను గుడ ఆకు కత్తిరించేది, కత్తిరించుకుంటనే ఎక్కాలు అడిగేది. జరమొస్తే గోలీలు తెచ్చేది. మొగుడు అడ్డమొస్తే మొగునితో కొట్లాడేది. గట్ల పట్టుకుంటె గద ఆ పెద్ద పానాలు బడికి వచ్చినయి!

ఇప్పుడు ఆ సెంటరుకు నిర్మల్ దిక్కు నుంచి కరుణాకర్ అని కొత్త కోఆర్డినేటర్ వచ్చిండు. వచ్చుడు వచ్చుడే ఆదివారం క్లాసును శుక్రారానికి మార్చిండు. శుక్రారం వారంల చుట్టిన బీడీల చాటలు కార్ఖానల అప్పజెప్పే దినం. ఆ దినం పోనోళ్ళకు వారం పొడుగుత ఆకు రాదు, తంబాకు రాదు. ఇగ క్లాసుకు ఎవలొస్తరు? మల్లక్క నచ్చజెప్పి చూసింది, కొట్లాడి చూసింది. ఆయన వినలే. ఇప్పుడు పరీక్షలు నెత్తిమీదికొచ్చినంక, రాలేదని లస్మవ్వ హాల్ టికెట్ ఆపిండు.

లస్మవ్వకు ముప్పై ఆరేండ్లు. పెనిమిటి మస్కట్ల ఉంటడు. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టింది. ఊర్ల మహిళా సంఘానికి లెక్కలు రాసే కొలువు ఖాళీ అయింది, టెన్త్ పాసైనోళ్ళకే ఇస్తరు. లస్మవ్వ అన్ని సబ్జెక్టులు పాసైంది, ఒక్క లెక్కలు మిగిలినయి. ఈసారి రాయకపోతే ఆ కొలువు ఇంకొకలకు పోతది, ఆమె బతుకు బీడీల కాడనే ఉంటది.

"సారూ, ఆ పొల్ల హాల్ టికెట్ ఇయ్యి" అన్నది మల్లక్క.

"మేడం, రూలు రూలే. హాజరు సగం గుడ లేదు."

"శుక్రారం క్లాసు పెట్టినోనివి నువ్వు. వాళ్ళకు కుదురుతదా అని ఒక్కలనన్న అడిగినవా?"

"నాకు ఆదివారం ఊరికి పోవుడుంటది గద."

"నీకు ఊరికి పోవుడుంటది. వాళ్ళకు పొయ్యి ముట్టించుడుంటది."

కరుణాకర్ నవ్విండు. "మీరెందుకు గింత పరేషాన్ అయితరు? వాళ్ళకు సదువు మీద మనసు లేదు. ఉంటె వస్తుండిరి."

ఆ మాటకు మల్లక్క మొఖం ఎర్రగైంది. కుర్చీ గుంజి దర్వాజకు అడ్డం వేసుకొని కూసున్నది.

"విను బిడ్డా. వచ్చే శుక్రారం ఊర్లున్న ఆడోళ్ళందరు చాటలు పట్టుకొని నీ క్లాసుకు వస్తరు. నీ రూములనే కూసొని బీడీలు చుడ్తరు. ఆ తంబాకు ఘాటుకు తుమ్ముకుంట నువ్వు రూల్సు సదువుకో. హాజరు నిండ పడ్తది, ఫికర్ చెయ్యకు."

కరుణాకర్ ఆమె మొఖం చూసిండు, దర్వాజ చూసిండు. మెల్లగ సొరుగు తీసి కాయితం ఇచ్చిండు. ఆమె అది రైకల చెక్కుకొని లేచింది. కుర్చీ అక్కడ్నే వదిలేసింది.

లస్మవ్వ ఇంటికి పోయేసరికి కోపం ఇంక దిగలే. లస్మవ్వ ఆకు కత్తిరిస్తుంది. హాల్ టికెట్ చూసింది, తీసుకోలే.

"నేను పోనక్కా. పరీక్ష గుడ శుక్రారమే వచ్చింది."

"చాట ఎవలకన్న అప్పజెప్పు."

"ఎవలు పట్టుకపోతరు?"

మల్లక్కకు ఎరుకే. కార్ఖానల ఎవల చాట కాడ వాళ్ళే నిలబడాలె. బీడీలు తీసుకునే టేకేదారు కొండల్ కట్టలు చూసుకుంట బాగలేవని ఏరి పారేస్తడు. మనిషి ఎదురుంగ ఉంటెనే అడ్డమాడొచ్చు. ఇంకొకల చాట పట్టుకపోయి నాలుగు కట్టలు ఎక్కువ పోతే, ఆ నింద మోసినామె మీద పడ్తది. అందుకే అక్కచెల్లెండ్లు గుడ ఒకల చాట ఒకలు ముట్టరు.

"మూడేండ్లాయె, నీ లెక్కల కోసం నా గొంతు అరిగింది. ఇప్పుడు చాట కోసం ఆగుతవా?" అని గద్దరించింది మల్లక్క.

లస్మవ్వ కత్తెర కింద పెట్టింది. "నీకేందక్కా, నువ్వు ఆ గడప దాటినవ్. నీకు కోపం అగ్గువ, పైస ఖర్చు కాదు. చాట పోలేదని కొండల్ నా బీడీ కార్డు కొట్టేస్తే మా అత్తతోని మాటలు పడేది నేను."

మల్లక్క హాల్ టికెట్‌ను ఆకు పక్కన పెట్టింది. సర్పంచితోని, ఎస్ఐతోని, ఇందాక కరుణాకర్‌తోని ఆగని నోరు అక్కడ ఆగింది. బండెక్కి పోయింది. ఆమెను ఎవలన్న "గడప దాటినవ్" అంటే మెచ్చుకున్నట్టే ఉండేది ఇన్నొద్దులు. ఆ రాత్రి కూర ఉప్పయిందని తన మీద తనే కస్సుమన్నది.

శుక్రారం పొద్దుగాల లస్మవ్వ వాకిట్ల బండి ఆగింది.

"చాట ఇయ్యి."

"ఎవలకు?"

"నాకు. ఆటో వస్తుంది, ఎక్కు."

"అక్కా, నువ్వు ఆ గడప..."

"ఎక్కుతవా, జుట్టు పట్టి ఎక్కియ్యాల్నా?"

మల్లక్క చాట నడుమున పెట్టుకొని కార్ఖానకు పోయింది. లైన్ల ఆడోళ్ళ ముచ్చట్లు టక్కున ఆగినయి. వెనకకెల్లి ఒకామె అననే అన్నది: "ఏందక్కా, టెన్త్ పాసైతే మళ్ళ బీడీలకే తోలుతుండ్రా?" కిసుక్కుమని నవ్విండ్రు. మల్లక్క తిరిగి చూడలే. చెవులు మాత్రం మండుతున్నయి.

కొండల్ ఆమెను చూసి పెద్దగ నవ్విండు. "టీచరమ్మా! గడప తొక్కితే పేరు మల్లక్క కాదంటివి గద. మార్చుకున్నవా?"

"మార్చుకున్న. ఇయ్యాల నా పేరు లస్మవ్వ. కట్టలు చూడు."

లైన్ల నవ్వు ఆగింది.

కొండల్ చూసుడు మొదలుపెట్టిండు. ఒక కట్ట పారేసిండు. ఇంకోటి పారేసిండు. మూడోదానికి మల్లక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"గిది ఎందుకు పనికిరాదు?"

"లస్మవ్వ వచ్చినంక లస్మవ్వకే చెప్త."

"లస్మవ్వనే అడుగుతుంది. చెప్పు!"

ఆ గొంతుకు కార్ఖాన రేకులు అదిరినయి. ఇందాక ఎక్కిరించినామెనే ముందుకొచ్చింది. "అవును కొండలన్నా, అది మంచిగనే ఉన్నది గద. పోయిన శుక్రారం నాది గుడ గట్లనే పారేస్తివి" అన్నది. ఇంకొకామె అందుకున్నది. కొండల్ గొణుక్కుంట ఆ కట్టను చాటల వేసిండు. మొదటి రెండు మాత్రం ఇయ్యలే. మల్లక్క ఆ రెండింటి కోసం ఇంక కొట్లాడుతుండగనే కార్డు మీద సంతకం పెట్టి ఆకు, తంబాకు తూచి ఇచ్చిండు.

పొద్దు నడినెత్తికి వచ్చినంక ఆటో దిగింది లస్మవ్వ. తొవ్వల ఆకు మూటతోని నిలబడ్డ మల్లక్కను చూసి ఉరికొచ్చింది.

"అక్కా, ఎన్ని పారేసిండు?"

"పరీక్ష ఎట్ల రాసినవ్?"

"ముందు నువ్వు చెప్పు."

"రెండు. మంచియే పారేసిండు, దొంగ సచ్చినోడు. నువ్వు చెప్పు."

"అన్ని చేసిన. ఒక్కటే పోయింది. వడ్డీ లెక్క."

"వడ్డీ లెక్కనా?" మల్లక్క మూట తొవ్వల పడేసింది. "సంఘంల కొలువు చేసేదానివి, వడ్డీ లెక్క పోగొట్టుకున్నవా? గా లెక్క కోసం నీ వాకిట్ల కూసొని ఎంత ఆకు కత్తిరించిన్నే!"

"ఒక్కటే గదక్కా!"

"ఒక్కటి గుడ ఎందుకు పోవాలె?"

అని ఆ ఎండల్నే, ఆ తొవ్వల్నే కింద కూసొని, పుల్ల తీసుకొని మట్టిల లెక్క వేసుడు మొదలుపెట్టింది. లస్మవ్వ ఎదురుంగ కూసున్నది. ఆటో ఆయన హారన్ కొట్టి కొట్టి, ఆటోను పక్క పొలంలకు దింపుకొని పోయిండు.

లస్మవ్వ పాసైంది. ఇప్పుడు సంఘం లెక్కలు రాస్తుంది. క్లాసు మళ్ళ ఆదివారానికి మారింది, అది మారేదాక మల్లక్క కరుణాకర్‌ను ఎట్ల సతాయించిందో ఆయన్నే అడగాలె. ఆ వడ్డీ లెక్క గురించి మాత్రం లస్మవ్వ ఎదురుపడ్డప్పుడల్ల ఇప్పటికీ తిడ్తనే ఉంటది.