చేప ఉంటే నీళ్ళున్నట్టే

మా ఆయన తెలివైనవాడని ఊరంతా అనేది. ఊరికేం పోయింది, కాపురం చేసింది నేను కదా.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మామగారు పోయాక, మా ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారు. తమిళనాట రాజపాళయంలో మా తెలుగువాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఎంచుకోవాలి. ఏ భాగం తనకు మిగులుతుందో తెలియదు గనక పెద్దవాడు న్యాయంగా పంచుతాడని పూర్వీకుల ఎత్తు. మా బావగారు నిజంగానే న్యాయంగా పంచారు. చెరువు కింద మడి ఒక పంగు, సత్రపట్టి దోవలో బావి ఉన్న తోట ఇంకో పంగు.

మడి అడగమని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. కారణం పంట మీద ప్రేమ కాదు. పెళ్ళయినప్పటి నుంచి తోడికోడలి వంటింట్లో, ఆమె కొలిచిచ్చిన బియ్యం, ఆమె చెప్పిన కూర వండుతూ వచ్చాను. గుప్పెడు చింతపండు నానబెట్టాలన్నా ఆమెనే అడగాలి. ఆమె చెడ్డది కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే తిట్టుకుంటూనైనా కాలం గడిపేదాన్ని. నాకు కావలసింది నాదంటూ ఒక పొయ్యి. భూమి పండకపోతే మళ్ళీ ఆ వంటింటికే పోవాలి.

మా ఆయన తోట చూడ్డానికి వెళ్ళాడు. బావిలో పురుగు పట్టకుండా మామగారు ఎప్పుడో రెండు విరాల్ చేపలు వేసి ఉన్నారు. ఆంధ్ర పక్క వాటిని కొర్రమీనులంటారట. మా ఆయన తొంగిచూసిన సమయానికే అవి పైకి తేలి, నోరు తెరిచి, గుటక వేసి కిందికి పోయాయి. అంతే, ఇంటికొచ్చి నవ్వుతూ కూచున్నాడు.

"నడి ఎండకాలంలో చేప కొవ్వెక్కి ఉండాది. నీళ్ళు లేనిచోట చేప బతుకునా? తోటే మనది," అన్నాడు.

"మడికి చెరువుండాది కద?"

"సరి సరి, ఊరుకో. నీకేం తెలుసు?"

ఊరుకున్నాను. తోట మాదయింది. వేరే ఇల్లు, వేరే పొయ్యి వచ్చాయి. నాలుగు నెలలు రాణిలా బతికాను. ఇష్టం వచ్చినప్పుడు ఇష్టం వచ్చినంత చింతపండు నానబెట్టాను.

ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, రావలసిన వాన రాలేదు. చెరువూ ఎండింది, కానీ అప్పటికే మడి మొదటి పంట బావగారి గాదెలో పడింది. మాకు మోట లాగితే నీళ్ళకు బదులు బురద వచ్చింది. మిరపచెట్లు వాలిపోయాయి. మా ఆయన మాత్రం రోజూ బావిలోకి తొంగిచూసి వచ్చి, "ఇంకా ఉండాయే!" అని సంతోషపడేవాడు. ఆ చేపలు బురదలో ఒళ్ళు దాచుకుని మూతులు మాత్రం బయటపెట్టేవి. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి తనే పలుగు పట్టుకుని దిగాడు. మూరెడు బురద కింద బండ తగిలింది. నీటి చెమ్మ లేదు. అప్పుడు అర్థమయింది మహానుభావుడికి, అవి నీళ్ళ వల్ల కాదు, గాలి మింగి బతుకుతున్నాయని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మాకు కడుక్కోవడానికి నీళ్ళు కూడా లేవు.

ఆ వారంలోనే బావగారు తోటకొచ్చారు. మడి నెర్రెలు బారిందని దిగులుగా ఉన్నారు. బావిలోకి వంగి చూశారు. ఆ చేపలు సరిగ్గా అప్పుడే పైకి వచ్చి గుటక వేశాయి.

"అప్పా! నీళ్ళు లేనిచోట చేప బతుకునా?" అన్నారు. అదే మాట! అన్నదమ్ములంటే వాళ్ళే. "ఒరే, పంచింది నేనే, మోసపోయిందీ నేనే. మడి నువ్వు తీసుకో, తోట నాకియ్యి. గాదెలో గింజలు కూడా సగం నీవే."

గింజలుంటే నా పొయ్యి నాదే. ఎప్పటికైనా వాన పడితే చెరువు నిండుతుంది. సరేననమని దేవుళ్ళందరికీ మొక్కాను.

"వద్దన్నా," అన్నాడు మా ఆయన. "నీళ్ళు లేవు. అది ఒట్టి బురద. ఆ చేప గాలి మింగి బతుకుతాది."

బావగారు పడీపడీ నవ్వారు. "చేప గాలి మింగునా? నీళ్ళు దాచుకుంటా ఉండావురా, దొంగా!"

మా ఆయన ఎంత నిజం చెబితే ఆయనకు అంత ఆశ పెరిగింది. నాకూ పెరిగింది. మేం నిజం చెప్పాం, నమ్మకపోతే పాపం మాది కాదు కదా!

మా ఆయన పంచె ఎగ్గట్టి బావిలోకి దిగాడు. చేతులతో బురద తోడి గంపకెత్తాడు. "లాగవే," అని కేకేశాడు నన్ను. లాగాను. నా పొయ్యిని నా చేతులతోనే పైకి లాగి బావగారి కాళ్ళ ముందు దిమ్మరించాను. బురదలో రెండు చేపలూ కొట్టుకుంటున్నాయి. కింద బండ తేలి కనిపిస్తోంది.

బావగారు ఇంకోసారి బావిలోకి వంగి బండ చూశారు. తర్వాత, "వానపడేదాకా మీరిద్దరూ మా ఇంట్లోనే తినండిరా," అన్నారు. ప్రేమగానే అన్నారు.

ఆ సాయంత్రం తోడికోడలి వంటింట్లో నాకు పాత చోటే దొరికింది. ఆమె ఆ చేపలనే బూడిదతో రుద్దుతోంది, జిగురు పోవాలని.

"ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నినాడు," అంది. "నీ మొగుడంత పిచ్చోడిని నేను చూళ్ళేదమ్మా."

ఇన్ని నెలలుగా నేను ఆ మాటే అంటున్నాను, అంతకంటే ఘోరంగా కూడా. ఆమె నోట వినేసరికి కత్తిపీట పక్కకు జరిపి లేచి నిలబడ్డాను.

"నేనంటాను అక్కా," అన్నాను. "నువ్వనొద్దు."